బ్రైటన్‌లో కబాబు తిన్న కథ

ఇంగ్లండ్ నుంచి తిరిగొచ్చి రెండు నెలలు దాటింది. పేటలో ఎదురైన ప్రతివారూ అడిగేది ఒకటే: "అక్కడ ఏం తిన్నరు?" రాజుగారి కోట చూసిండ్రా, థేమ్స్ నది చూసిండ్రా అని అడిగినవారిని వేళ్ల మీద లెక్కబెట్టొచ్చు. తప్పు లేదు. మనం మిల్లుల చుట్టూ పెరిగినవాళ్లం. భోంగా మోగి, పాళీ దిగి ఇంటికొచ్చిన మనిషిని మన ఇళ్లల్లో మొదట అడిగే మాట "తిన్నవా?" అనే కదా.

"కబాబులు తిన్నం" అని నేను జవాబు చెబితే నవ్వుతారు. "కబాబు కోసం విమానమెక్కి పోవాల్నా? మన విజాపూర్ వేస్ కాడ దొరకదా?" అంటారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పలేక అలసిపోయాను. సంపాదకులు కూడా రాయమన్నారు. అందుకని అంతా ఒక్కసారే రాస్తున్నాను. ఇందులో తిండి ముచ్చట ఉంది, మా ఇంటి ముచ్చట కూడా ఉంది. రెండూ విడదీయడం నాకు చేతకాలేదు.

మా చిన్నోడు బ్రైటన్‌లో ఎమ్మెస్సీ చదువుతున్నాడు. వాడి ఫీజు కోసం మా నాలుగు సాంచెల్లో రెండు అమ్మేశాం. వాణ్ని చూడక ఏడాది దగ్గరికొచ్చేసరికి మా ఇంటామె ఊరుకోలేదు. అల్లుడు టికెట్లు తీసిచ్చాడు. మే నెలలో ఇద్దరం పోయి పదిహేను రోజులున్నాం.

లండన్ విక్టోరియా స్టేషన్‌లో రైలెక్కితే గంటలో బ్రైటన్. స్టేషన్ బయటికొచ్చి ఎదురుగా ఉన్న క్వీన్స్ రోడ్డు పట్టుకుని దిగుతూ పోతే పావుగంటలో సముద్రం. ఒడ్డున ఇసుక ఉండదు, అన్నీ గులకరాళ్లే. చెప్పులు తీసి నడవలేం. 1899లో తెరిచిన పొడుగాటి చెక్క వంతెన ఒకటి సముద్రంలోకి చొచ్చుకుపోయి ఉంటుంది, దాని మీద రంగులరాట్నాలు, ఆటలు. కొంచెం అవతల ఇంకో పాత వంతెన 2003లో కాలిపోగా మిగిలిన ఇనుప అస్థిపంజరం నీళ్లలో నిలబడి ఉంది. సముద్రపు కొంగలు మన గద్దల కన్నా ధైర్యం కలవి. మొదటి రోజే మా ఇంటామె చేతిలోంచి ఆలుగడ్డ ముక్కను ఒకటి తన్నుకుపోయింది.

అక్కడ ఊరి తిండి అంటే పిండిలో ముంచి వేయించిన చేప, ఆలుగడ్డ. ఒకసారి బాగుంటుంది. మూడోసారికి నాలుక ఉప్పూకారం కోసం కొట్టుకుంటుంది. "కారంగా ఏదైనా పెట్టియ్యిరా" అంటే మా వాడు ఒక కబాబు దుకాణానికి తీసుకెళ్లాడు. రాత్రి పదకొండు. తాగి వచ్చిన కుర్రాళ్లు బయట వరుసగా నిలబడ్డారు. లోపల రోకలికి నాలుగింతలు లావున్న బూడిద రంగు ముద్ద ఒకటి నిలువు చువ్వకు గుచ్చి తిరుగుతోంది. కరెంటు రంపంలాంటి దానితో చెక్కి, చల్లారిన రొట్టెలో కుక్కి, పైన ఎర్ర నీళ్లూ తెల్ల నీళ్లూ పోసి ఇచ్చారు. ఉప్పు తప్ప రుచి తెలియలేదు. మరునాడు పొద్దున దాకా గొంతు ఎండుతూనే ఉంది.

"ఇదేనా కబాబు?" అన్నాను.

"ఇక్కడ ఇట్లనే ఉంటది బాపూ" అన్నాడు వాడు.

కానీ ఇట్లనే ఉండదని నాకు రెండో రోజే తెలిసింది. మేమున్న వీధి చివర టర్కీవాళ్ల కిరాణా దుకాణం ఉంది. గోధుమ రవ్వ, ఎర్ర మైసూరుపప్పు, ఎండుమిరప పొడి, తెల్ల పన్నీరు, ఆలివ్ కాయలు. మా ఇంటామె పప్పు కోసం పోతే నేను గల్లాపెట్టె దగ్గర ఉన్న పెద్దాయనతో నాకొచ్చిన ఇంగ్లీషులో మాట కలిపాను. ఆయన నవ్వి, రాత్రిపూట తిరిగే ముద్ద తాగినవాళ్ల కోసమని, మంచి కబాబు కావాలంటే ఏం చూడాలో చెప్పాడు.

ఆయన చెప్పిన గుర్తులు ఇవి. డోనర్ అంటే టర్కీ భాషలో తిరిగేది అని. అసలైన డోనర్‌లో మాంసం పలుచని పొరలుగా కోసి, ఒకదాని మీద ఒకటి పేర్చి చువ్వకు గుచ్చుతారు. పక్క నుంచి చూస్తే పొరలు కనబడాలి. నున్నగా, సిమెంటు స్తంభంలా కనబడితే అది రుబ్బిన ముద్ద. పొద్దున పెద్దగా ఉన్న కంబం సాయంత్రానికి సన్నబడాలి. సన్నబడిందంటే అమ్ముడుపోతోంది, తాజాగా ఉంది. రెండోది, బొగ్గుల పొయ్యి. తలుపు తీయగానే బొగ్గు మీద కొవ్వు పడ్డ వాసన రావాలి. మూడోది రొట్టె. అక్కడే కాల్చాలి. నాలుగోది, లోపల కూర్చుని తినేవాళ్లలో టర్కీ కుటుంబాలు, ముసలివాళ్లు, పిల్లలు ఉండాలి.

ఆ నాలుగూ ఉన్న చోటు ఎక్కడుందని అడిగితే ఒక దుకాణం గుర్తులు చెప్పాడు. ఆ సాయంత్రం మా వాడితో అన్నాను. వాడు, "అది దూరం" అన్నాడు. మరునాడు అడిగితే "ఈరోజు బంద్" అన్నాడు. ఆ తర్వాత "అంత బాగుండదట" అన్నాడు. ఈలోగా ఇంకో రెండు చోట్లకు తీసుకెళ్లాడు. ఒకచోట కోడి కబాబు పర్వాలేదు. ఇంకోచోట రొట్టె బాగుంది, మాంసం ఎండిపోయింది.

అయిదో రోజు వాడు లైబ్రరీలో పనికి పోయాడు. చదువుకుంటూ లైబ్రరీలో పని చేస్తున్నానని వాడు ఏడాదిగా చెబుతున్నాడు. మేమూ పేటంతా అదే చెప్పుకున్నాం. మేమిద్దరం నడుచుకుంటూ ఆ దుకాణం వెతుక్కుని పోయాం. దూరం ఏమీ లేదు. ఇరవై నిమిషాల నడక.

తలుపు తీయగానే వాసన తగిలింది. గది మధ్యలో రాగి గొట్టం కింద పొడుగాటి బొగ్గుల పొయ్యి, దాని ముందు తెల్లమీసాల మనిషి. చుట్టూ బల్లలు. ఇలా పొయ్యి పక్కన కూర్చుని తినే హోటల్‌ను వాళ్లు ఒజాక్‌బాషి అంటారు. ఆ మనిషిని అందరూ 'ఉస్తా' అని పిలుస్తున్నారు. మన ఉస్తాదే. పనిలో ఆరితేరినవాడని అర్థం.

ఎక్కడివాళ్లని అడిగాడు. ఇండియా అన్నాను. "మా దగ్గర పనిచేసే అబ్బాయి కూడా ఇండియావాడే. సోలాపూర్" అన్నాడు.

ఆ ఊళ్లో, ఆ మనిషి నోట సోలాపూర్ పేరు వినేసరికి మేమిద్దరం మొహాలు చూసుకున్నాం. అంతలో వంటింటి తలుపు తోసుకుని, చేతుల్లో తరిగిన ఆకుకూర పళ్లెంతో, నడుముకు ఏప్రన్ కట్టుకుని మా వాడు బయటికి వచ్చాడు. మమ్మల్ని చూసి అక్కడే ఆగిపోయాడు. మోచేతి కింద కాలిన మచ్చలు కనబడుతున్నాయి. ఇంట్లో అన్ని రోజులూ పొడుగు చేతుల చొక్కానే ఎందుకు వేసుకున్నాడో అప్పుడు తెలిసింది.

నాకు మాట రాలేదు. మా ఇంటామె మాత్రం, "ఏందిరా గట్ల నిలవడ్డవ్? ముందు కూసోవెట్టు. ఆకలైతుంది" అంది.

ఇక తిన్న సంగతి చెబుతాను, ఎందుకంటే ఆ పూట తిన్న తిండి మర్చిపోలేనిది.

ముందు అడగకుండానే రొట్టె, పచ్చడి లాంటి టమాట–మిరప ముద్ద, కాల్చిన ఉల్లిగడ్డలు దానిమ్మ పులుసులో వేసినవి తెచ్చిపెట్టారు. వీటికి డబ్బులు లేవు. మా ఇంటామెకు ఆ రోజు శనివారం. మాంసం ముట్టదు. ఆమెకు మెర్జిమెక్ చోర్బా తెచ్చాడు మా వాడు. ఎర్ర మైసూరుపప్పు మెత్తగా ఉడికించి, వెన్నలో ఎండుమిరప పొడి కాచి పైన పోస్తారు. నిమ్మకాయ పిండుకోవాలి. ఒక చెంచా తాగి, "పప్పుచారే గదనే. పోపులో ఆవాలు మరిచిండ్రు" అంది తనలో తాను. తర్వాత వంకాయను చీల్చి, ఉల్లిగడ్డ, టమాట, వెల్లుల్లి కూరి నూనెలో మగ్గబెట్టిన కూర. దాని పేరు ఇమామ్ బాయిల్దే. ఇమాముగారు మూర్ఛపోయాడు అని అర్థమట. రుచికి పోయాడో, పట్టిన నూనె ఖర్చుకు పోయాడో అని వాళ్లే నవ్వుకుంటారు. మన గుత్తి వంకాయకు పల్లీ కారం తీసేస్తే దగ్గరగా ఉంటుంది.

నాకు అదానా కబాబు. గొర్రె మాంసాన్ని, తోక కొవ్వును అర్ధచంద్రం లాంటి పెద్ద కత్తితో చేత్తోనే తరుగుతారు. మిషన్‌లో వేయరు. అందులో ఎర్ర మిరప, ఉప్పు కలిపి వెడల్పాటి ఇనుప చువ్వకు అద్దుతారు. బొగ్గుల మీద కాలుతుండగా ఉస్తా మధ్యమధ్యలో రొట్టె తెచ్చి దాని మీద అద్ది, కారిన కొవ్వును రొట్టెకు పట్టించి మళ్లీ కాలుస్తాడు. కొరికితే కారం వెంటనే తెలియదు. మింగాక నెమ్మదిగా తెలుస్తుంది. దానితో పాటు ఉప్పు వేసిన మజ్జిగ. వాళ్లు అయ్‌రాన్ అంటారు. పదిహేను పౌండ్ల పళ్లెం. రూపాయల్లో లెక్క వేస్తే గుండె ఆగుతుంది కాబట్టి వేయలేదు.

అదానా అనేది టర్కీ దక్షిణాన ఉన్న పెద్ద ఊరు. దాని చుట్టూ చుకురోవా అనే మైదానం. అక్కడ పండేది పత్తి. జిన్నింగులు, నూలు మిల్లులు, బట్టల మిల్లులతో పెరిగిన ఊరు అది. మన సోలాపూర్ చద్దరుకు ఉన్నట్టే అదానా కబాబుకు వాళ్ల దేశంలో భౌగోళిక గుర్తింపు ఉంది. ఇది చెప్పింది ఉస్తా. రద్దీ తగ్గాక మా బల్ల దగ్గరికి వచ్చి కూర్చుని, చిన్న నడుము గ్లాసుల్లో చాయ్ తెప్పించాడు. మా వాడు మధ్యలో ఉండి మాటలు అందించాడు. కొన్నింటికి ఆ అవసరం కూడా పడలేదు. చాయ్, దుకాణం, మైదానం, దునియా, సాబణ్, పిలావ్. వాళ్లవీ ఇవే మాటలు కొంచెం యాసతో.

మా నాన్న మిల్లులో నేతగాడని చెబితే ఆయన తన రెండు చేతులు బల్ల మీద పెట్టి చూపించాడు. కుడిచేతి చూపుడువేలి కొన మీద పాత సూది దిగిన గుర్తు. ఆయన వంటవాడిగా పుట్టలేదు. 1980ల్లో లండన్ వచ్చినప్పుడు హ్యాక్నీ ప్రాంతంలో బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో మిషన్ మీద కూర్చున్నాడు. ఆ రోజుల్లో ఉత్తర లండన్‌లో టర్కీవాళ్లు, కుర్దులు, వాళ్లకంటే ముందొచ్చిన సైప్రస్ టర్కులు చాలామంది ఇదే పనిలో ఉండేవారు. ముక్కకింత అని కూలి. 1990లు ముగిసేసరికి ఆ పని చవక కూలి ఉన్న దేశాలకు తరలిపోయింది. ఫ్యాక్టరీలు వరసగా మూతపడ్డాయి. కుట్టుమిషన్ తప్ప ఇంకేమీ తెలియని వేలమంది కబాబు దుకాణాలు, కిరాణా కొట్లలోకి వచ్చిపడ్డారు. ఇంగ్లండ్‌లో వీధికొక కబాబు దుకాణం ఉండడానికి ఇదొక పెద్ద కారణం.

"మొదటి రెండేళ్లు మా ఊరికి ఫోన్ చేస్తే ఫ్యాక్టరీలోనే ఉన్నానని చెప్పేవాణ్ని" అన్నాడు ఉస్తా. "ఉల్లిగడ్డలు తరుగుతున్నానని మా నాన్నకు చెప్పలేకపోయాను."

మా వాడు ఆ మాటను తెలుగులోకి మార్చి చెప్పి, తల దించుకున్నాడు.

నేనూ దించుకున్నాను. ఎందుకో రాస్తాను. మా నాన్న పనిచేసిన మిల్లు 1990ల మధ్యలో మూతపడింది. రావలసిన బాకీలు చేతికి రాలేదు. అవ్వ బీడీలు చుట్టేది. ఆరు నెలలు చూసి, ఇద్దరూ కలిసి గల్లీ మూల మీద భజ్జీల బండి పెట్టారు. పాత మిల్లోళ్లు అటుగా వస్తే నాన్న బండి వెనక వంగి ఏదో వెతుకుతున్నట్టు చేసేవాడు. "మగ్గం మీద కూసున్న చేతులు, నూనెల వెట్టవడితి" అనేవాడు. అప్పుడే నాకు సంబంధాలు చూస్తున్నారు. పిల్లవాళ్లు వచ్చినప్పుడు "మీ నాయిన ఏం జేస్తడు?" అంటే, మిల్లులో ఉన్నాడని నేనే చెప్పాను. ఆ రోజు బండి తీయనివ్వలేదు. పెళ్లయిన నెలకు మా ఇంటామెకు తెలిసింది. ఆమె ఏమీ అనకుండా మరునాటి నుంచి పోయి పిండి కలిపింది. ఆ బండి మీదనే మా చెల్లెలి పెళ్లి అయింది. ఆ బండి మీదనే నేను మొదటి సాంచె కొన్నాను. నాన్నకు మాత్రం నేను అబద్ధమాడిన సంగతి తెలుసు. పోయేదాకా ఆ మాట ఎత్తలేదు.

ఇదంతా మా వాడికి నేను ఎప్పుడూ చెప్పలేదు. ఆ రాత్రి పని అయ్యాక ముగ్గురం సముద్రం పక్కన నడుస్తుంటే చెప్పాను.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సాంచెలు అమ్మి పంపిండ్రు. గిన్నెలు కడుగుతున్న అని ఎట్ల చెప్పాలె బాపూ?" అన్నాడు.

"గిన్నెలు కాదుగదరా, ఇప్పుడు చువ్వ కూడా పట్టనిస్తుండు గదా ఉస్తా" అంది వాళ్లమ్మ.

మరునాడు వాడు మాకు బ్రైటన్ చూపించాడు. ఊరి నడుమ గుమ్మటాలు, మినార్లతో నవాబుల కోటలాంటి భవనం ఒకటి ఉంది. రాయల్ పెవిలియన్. ఇంగ్లండ్ రాజు ఒకాయన సరదాకు కట్టించుకున్నది. మొదటి ప్రపంచ యుద్ధంలో 1914 చివరి నుంచి అందులో గాయపడ్డ మన భారత సిపాయిలకు ఆసుపత్రి నడిపారు. ఎవరి ఆచారం వారిదని వాళ్ల కోసం తొమ్మిది వంటశాలలు పెట్టారట. అక్కడ ప్రాణాలు విడిచిన హిందూ, సిక్కు సిపాయిలను ఊరి బయట గుట్ట మీద దహనం చేశారు. ఆ చోట కట్టిన పాలరాతి ఛత్రిని 1921లో ఆవిష్కరించారు.

ఇంకో మనిషి సంగతి కూడా ఆ ఊళ్లోనే తెలిసింది. పాట్నాలో 1759లో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్. 1810లో లండన్‌లో ఇండియా వంటల హోటల్ పెట్టాడు. ఇంగ్లండ్‌లో మనవాడు పెట్టిన మొదటి హోటల్ అదే. రెండేళ్లకే దివాలా తీశాడు. తర్వాత బ్రైటన్ వచ్చి, ఆవిరి స్నానం, చంపీ చేసే స్నానశాల పెట్టి, రాజులకే చంపీ చేసేంత పేరు తెచ్చుకున్నాడు. ఇంగ్లీషులో షాంపూ అనే మాట మన చంపీ నుంచి వచ్చిందే. ఆయన సమాధి ఆ ఊరి చర్చి ఆవరణలోనే ఉంది. ఒక పని పోతే ఇంకో పని చేసినవాళ్లతోనే ఆ ఊరికి పేరొచ్చిందని అనిపించింది.

ఇక అటు పోయే మన పిల్లలకు, పోయి చూసివచ్చే పెద్దలకు నాలుగు మాటలు.

కబాబు అడిగేటప్పుడు ఏ మాంసం అని తప్పక అడగండి. ముద్ద డోనర్‌లో గొర్రె, గొడ్డు, కోడి కలిసి ఉండవచ్చు. గొడ్డుమాంసం తినని ఇళ్లవాళ్లు చువ్వ మీద కాల్చిన గొర్రె ముక్కలు, కోడి ముక్కలు అడిగితే నిశ్చింత. వాటిని షిష్ అంటారు. అదానా మన నాలుకకు సరిపోతుంది. కారం వద్దనుకుంటే అదే పద్ధతిలో చేసే ఉర్ఫా ఉంది. ఇస్కెందర్ అంటే రొట్టె ముక్కల మీద డోనర్ పరిచి, టమాట రసం, కాగిన వెన్న పోసి, పక్కన పెరుగు పెడతారు. ఇద్దరు తినొచ్చు.

డబ్బు తక్కువ ఉన్న రోజు లహ్మజున్ తినండి. పలుచని రొట్టె మీద ఖీమా పూసి కాలుస్తారు. నిమ్మకాయ పిండి, ఆకుకూర వేసి చుట్టుకుని తినాలి. మన కడక్ భాకరిలో శేంగా చట్నీ చుట్టుకుని తిన్నట్టే. మాంసం ముట్టని రోజుల్లో పప్పు చోర్బా, వంకాయ, పన్నీరు–పాలకూర పెట్టిన పిదె ఉన్నాయి. పప్పు చోర్బాను మాంసం రసంతో కాచారా అని ఒక మాట అడగాలి. మధ్యాహ్నం పోతే ధర తక్కువ, ఉస్తాకు తీరిక ఎక్కువ. అర్ధరాత్రి వరసలో నిలబడి మాత్రం తినకండి.

దుకాణం పేరు కావాలనే రాయలేదు. ఆ ఊళ్లో దుకాణాలు చేతులు మారుతుంటాయి. పైన చెప్పిన నాలుగు గుర్తులు మారవు.

చదువు నడిచే రోజుల్లో అక్కడ విద్యార్థులు వారానికి 20 గంటలకు మించి పని చేయరాదు. మా వాడు అంతే చేస్తున్నాడు. మిగిలిన వేళల్లో నిజంగానే లైబ్రరీలో ఉంటున్నాడు.

ఈ వ్యాసం పంపేముందు ఫోన్‌లో వాడికి మొత్తం చదివి వినిపించాను. మన పత్రిక ఇంటింటికీ పోతుంది, సంబంధాలవాళ్లూ చదువుతారు, దుకాణం సంగతి తీసేయమంటావా అని అడిగాను. కొంచెంసేపు ఆలోచించాడు. "ఉండనియ్యి బాపూ. తాత బండి సంగతి కూడా ఉండనియ్యి" అన్నాడు.

ఉండనిచ్చాను.